అనౌన్సరమ్మ ఇంట్లో నిశ్శబ్దం

రండి రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ మెట్టు మీద కూర్చున్నవాళ్ళు కొంచెం సర్దుకుంటే వెనకాల వాళ్ళకి చోటు దొరుకుతుంది. ఫోన్లు జేబుల్లో పెట్టండి. ఆ మూల గుసగుసలు ఆపితే మొదలుపెడతాను. ఆపరా? సరే, మీరు ఆపేదాకా నేనూ ఆగుతాను. నాకేం తొందర, బండి సర్వీసింగులో ఉంది.

ఆఁ. ఇదిగో, ఇప్పుడు వచ్చింది చూశారా, ఈ చప్పుడు లేకపోవడం, దీని కోసమే మా పిచ్చుక ఒక రోజంతా నానా పాట్లు పడింది. ఆ కథే చెప్తాను. ఇందులో ఆవగింజంత అబద్ధం కూడా లేదు. ఉన్నవన్నీ గుమ్మడికాయంత సైజువే, కనక మీరే గుర్తుపట్టి పక్కన పెట్టుకోవచ్చు.

పిచ్చుక అంటే మా వదిన కూతురు. మా ఆవిడకి అక్క కూతురు. నన్ను బాబాయ్ అంటుంది. అసలు పేరు వేరే ఉంది కానీ, పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండటంతో ఆ పేరు ఒంటికి మరీ వదులైపోయింది. పిచ్చుకే నిలిచింది.

నేను డాక్యుమెంటరీలు తీసే ఒక కంపెనీకి వ్యాను నడుపుతాను. డాక్యుమెంటరీ అంటే పాటలుండవు, ఫైట్లుండవు. ఉన్న మనుషుల్ని ఉన్నట్టు తీస్తారు. ఆ ఉన్నట్టు తీయడానికి ముందు వాళ్ళ ఇంట్లో సోఫా ఒకసారి ఇటు, ఒకసారి అటు, మళ్ళీ ఇటు జరుపుతారు. ఆ సోఫా జరిపేది మా పిచ్చుక. కాలేజీ అయిపోగానే అక్కడ చేర్పించింది నేనే. ఇంటర్న్ అన్నారు.

మా వదిన ఆ మాట విని, "ఇంటర్ ఎప్పుడో పాసైందిగా మరిదీ, మళ్ళీ ఇంటరేంటి?" అంది.

"అది కాదు వదినా, పని నేర్చుకోవడం. బాగా చేస్తే ఉంచేసుకుంటారు."

"ఉంచుకోకపోతే?"

"ఉంచుకోకపోతే ఏముంది, ఇంటికొస్తుంది."

"ఇంటికి కాదు, కొట్టుకి రావాలి," అంది వదిన. ఆవిడకి జిరాక్సు కొట్టుంది. కూతురు తన పక్కన స్టూలేసుకుని ఆ ఆకుపచ్చ బటన్ నొక్కుతుంటే చూడాలని ఆవిడ కోరిక. "ఈ ఒక్క సినిమా అయ్యేదాకా చూస్తాను. ఉంచుకుంటే సరే. లేదా, మర్నాడే కొట్లో కూర్చోవాలి. ముందే చెప్తున్నాను, తర్వాత మొహం ముడుచుకుని కూర్చుంటే కుదరదు."

పిచ్చుకకి ఆ జిరాక్సు మెషీన్ అంటే చచ్చేంత భయం. ఆ మెషీన్ లోంచి పచ్చటి వెలుగు ఇటు నుంచి అటు వెళ్ళినప్పుడల్లా తన వయసు కొంచెం దాంతో పాటు వెళ్ళిపోతున్నట్టుంటుందట. కాబట్టి ఉంచుకోవాలి. అదొక్కటే దాని పట్టుదల.

ఇంటర్న్ పనేంటో చెప్తాను వినండి. ఎవరిదీ కాని పనంతా ఇంటర్న్‌దే. కెమెరా స్టాండు మోయాలి. బ్యాటరీలు చార్జింగు పెట్టాలి. తెల్లట్ట పట్టుకుని ఎవరి మొహం మీదకో వెలుతురు పడేలా చేతులు పీకేదాకా నిలబడాలి. ఆఫీసుకొచ్చాక, షూటింగులో జనం మాట్లాడిందంతా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని టైపు కొట్టాలి. మాటే కాదు, దగ్గినా, నవ్వినా, ఎక్కిళ్ళొచ్చినా కొట్టాలి. ఒక పెద్దాయన మూడు ముక్కలు చెప్పడానికి మూడు వందల సార్లు 'అంటే' అంటే, అన్ని అంటేలూ కొట్టాలి.

అన్నింటికంటే పెద్ద పని, కనబడకపోవడం. కెమెరా ఎటు తిరిగితే దానికి ఇవతల ఉండాలి. బీరువా వెనకాల, బల్ల కింద, పరదా చాటున. అలా దాక్కుని దాక్కుని ఆ పిల్ల మామూలుగా కూడా కళ్ళకి ఆనడం మానేసింది. మా ఆఫీసుకి ఒక అద్దం తలుపుంది, మనిషి వస్తే తనంతట తనే తెరుచుకుంటుంది. అది పిచ్చుకకి తెరుచుకోవడం మానేసింది. నా కోసం మెట్ల దగ్గర కాచుకుని, నాతో పాటు దూరేది.

నిద్రా? నిద్ర ఎక్కడిది. టైపు చేస్తూనే కళ్ళు మూతలు పడేవి, వేళ్ళు మాత్రం ఆగేవి కావు. ఒకసారి అలా నిద్రలో రెండు పేజీలు కొట్టేసింది. మా డైరెక్టరమ్మ అది చదివి, "ఈ పెద్దాయన చివర్లో ఎంత లోతుగా మాట్లాడాడో చూడండి," అంది.

నవ్వుతూ చెప్తున్నాను గానీ, నేను వ్యాను అద్దంలో చూసేవాణ్ణి ఆ మొహం. ఉతికి ఉతికి రంగు వెలిసిన గుడ్డలా ఉండేది. సీటుబెల్టు పెట్టుకునేలోపు తల వాలిపోయేది. ఒకరోజు ఆగలేక అడిగాను, "ఎందుకే ఇంత చాకిరీ, మానేస్తే పోలా?"

కళ్ళు తెరవకుండానే చెప్పింది, "ఉంచుకుంటారు బాబాయ్. ఉంచుకుంటే కుర్చీ ఇస్తారు."

అవును, దానికి కుర్చీ లేదు. కెమెరా పెట్టె మీద కూర్చునేది. పెట్టె షూటింగుకి వెళ్తే కూర్చునే చోటు కూడా షూటింగుకి వెళ్ళిపోయేది.

ఇక సినిమా సంగతి. బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడుందో, ఎప్పుడు బయల్దేరుతుందో జీవితమంతా చెప్పిన ఒకావిడ ఉంది. అందరూ అనౌన్సరమ్మ అనేవాళ్ళు. ఇప్పుడక్కడ మెషీన్ పెట్టేశారు, ఆవిడని ఇంటికి పంపేశారు. ఆవిడ మీద సినిమా. రెండో అంతస్తులో చిన్న వాటా, ముందు గదిలో ఒక మంచం, ఒక సోఫా, వీధి మీదికి ఒక కిటికీ. ఆవిడా, ఆవిడ మొగుడూ ఉంటారు. ఆయన పాత బస్సు మెకానిక్కు. మాట్లాడడు. మూగా కాదు, కోపమూ కాదు. పెళ్ళయిన కొత్తలో ఏదో చెప్పబోయాడట, ఇంకా ఆయన వంతు రాలేదు.

షూటింగుకి వెళ్ళిన మొదటి రోజు డైరెక్టరమ్మ ఎప్పుడూ చెప్పేదే చెప్పింది. ఈ డైరెక్టరమ్మ కళ్ళద్దాలు తల మీద పెట్టుకుని ఊరంతా వెతుక్కునే రకం, మనిషి మంచిదే. "అమ్మా, మేం లేనట్టే ఉండండి. మీ పని మీరు చేసుకోండి," అంది.

అనౌన్సరమ్మ సరేనని లోపలికెళ్ళి, తడి తువ్వాలు తెచ్చి కెమెరా మీద ఆరేసింది.

"అయ్యో, ఏంటమ్మా ఇది?"

"మీరు లేరుగా," అంది ఆవిడ.

అలా నవ్వుకుంటూ షూటింగు అయిపోయింది. చివర్లో మిగిలింది మౌనం.

ఇది కాస్త జాగ్రత్తగా వినండి, కథంతా ఇక్కడే ఉంది. మనం ఏమీ మాట్లాడకపోయినా ప్రతి గదికీ ఒక చప్పుడుంటుంది. ఏ గది చప్పుడు ఆ గదిదే. సినిమాలో ముక్కా ముక్కా కలిపి కుట్టేటప్పుడు అతుకులు తెలియకుండా కింద ఆ చప్పుడు పరుస్తారు, చొక్కాకి లోపల అస్తరు వేసినట్టు. దాన్ని రూమ్ టోన్ అంటాడు మా సౌండాయన. అందుకని షూటింగు అయ్యాక, ఆ గదిలో అందరూ నోరు మూసుకుంటే ఒక నిమిషం పాటు ఆ మౌనాన్ని రికార్డు చేసుకుంటాడు.

కానీ అనౌన్సరమ్మ ఉండగా మౌనమెక్కడిది? అందుకని ఆవిడని అలా నడిచొద్దాం రండని డైరెక్టరమ్మా నేనూ వీధిలోకి తీసుకెళ్ళాం. కింద ఎవరో గోడకి మేకులు కొడుతుంటే ఆపమని చెప్పడానికి సౌండాయన కూడా దిగాడు. వెళ్తూ వెళ్తూ రికార్డు మిషను ఆన్ చేసి పిచ్చుకతో, "ఎవర్నీ రానివ్వకు. నువ్వూ కదలకు," అన్నాడు.

కదల్లేదు. ఆ మాట మాత్రం నిలబెట్టుకుంది. సోఫా చేతి మీద అలా ఆనుకుంది, అంతే.

సినిమా అంతా కుట్టేశారు. అస్తరు వేశారు. ఇక సాయంత్రానికి పంపేయాలనగా, ఆ పొద్దున్న అందరం కూర్చుని మొదటినుంచీ చూస్తున్నాం. అనౌన్సరమ్మ మైకు గురించి చెప్తుంటే వెనకాల ఏదో గుర్రుమంటోంది. ఫ్రిజ్ అన్నాడు సౌండాయన. ఆవిడ కిటికీ దగ్గర నిలబడితే అక్కడా గుర్రు. లారీ అన్నాడు. ఆవిడ ఏడుస్తూంటే గుర్రుమని లేచి, చివర చిన్న ఈల కూడా వేసింది. లారీ ఈలలు వేయదు. అప్పుడు డైరెక్టరమ్మ మెల్లగా తల తిప్పి గదిలో ఒక్కొక్కర్నీ చూసింది.

"నేనే మేడమ్," అంది పిచ్చుక, కెమెరా పెట్టె మీంచి.

సినిమా మొదలు నుంచి చివరిదాకా, ప్రతి మాట కిందా మా పిచ్చుక గురక పరిచి ఉంది. సౌండాయన గురకకీ గురకకీ మధ్య ఉన్న ఖాళీలు కత్తిరించి అతికించి చూశాడు, రైలు వంతెన మీద వెళ్తున్నట్టుంది. మా స్టోరు రూములో మౌనం తెచ్చి వేసి చూశాడు, అనౌన్సరమ్మ డబ్బాలో కూర్చుని మాట్లాడుతున్నట్టుంది.

డైరెక్టరమ్మ గట్టిగా కూడా అనలేదు. ఆవిడా అలిసిపోయి ఉంది. "అదే గది మౌనం కావాలి. సాయంత్రంలోగా తీసుకురా. తేగలిగితే ఉంటావు. లేకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు," అంది. ఇక కళ్ళద్దాలు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

నేను వ్యాను తీశాను. పిచ్చుక రికార్డు మిషను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, రెండు చేతులతో పట్టుకుని, గుడ్డు పొదుగుతున్నట్టు.

"నిద్రపోకు," అన్నాను.

"పోను."

"మాట్లాడుతూ ఉండు."

"అమ్మకి చెప్పకు బాబాయ్," అంది. చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ వాటి వెనకాల ఎవరూ లేరు.

వెళ్ళేసరికి అనౌన్సరమ్మ మంచం మీదుంది. కాలికి ఇంత లావు కట్టు. మెట్లు దిగుతూ పక్కింటావిడకి ఏదో చెప్తూ చెప్తూ ఒక మెట్టు మర్చిపోయిందట. ఈసారి ఆవిణ్ణి వీధిలోకి తీసుకెళ్ళే దారి లేదు. మంచంతో సహా మోద్దామంటే గుమ్మం పట్టదు.

"వచ్చావా తల్లీ," అంది ఆవిడ. "ఈసారి కూడా లేనట్టే ఉండాలా, ఉన్నట్టు ఉండొచ్చా?"

"ఉన్నట్టే ఉండు అత్తా. కానీ ఒక్క నిమిషం మాట్లాడకుండా," అంది పిచ్చుక.

"ఇంతేగా. దానికేం భాగ్యం."

పిచ్చుక విషయమంతా చెప్పింది. గురక దగ్గర్నుంచి జిరాక్సు మెషీన్ దాకా. ఆవిడ ముక్కు మీద వేలేసుకుని విని, "నీకెందుకే భయం, నేనున్నాగా. నిమిషం కాదు, గంట మాట్లాడను," అంది.

ఇక మేం గదిని సర్దడం మొదలుపెట్టాం. ఫ్యాను ఆపేశాం, ఒంటి మీద చెమట కారిపోతోంది. ఫ్రిజ్ వైరు పీకేశాం. గోడ గడియారం దించి బ్యాటరీ తీసి పరుపు కింద పెట్టాం. వంటింట్లో కుళాయి చుక్క చుక్క కారుతుంటే మెకానిక్కాయన దానికి ఒక దారం కట్టాడు. చుక్క టప్పున పడకుండా దారం వెంబడి జారిపోతుంది. బుర్రున్న మనిషి. అప్పుడు పిచ్చుక మిషను నేల మీద పెట్టి నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది.

నాలుగు ఊపిర్లు కూడా గడిచాయో లేదో.

"మొదలైందా?" అంది అనౌన్సరమ్మ.

"అత్తా."

"సరే సరే. మొదలైందో లేదో తెలియాలి కదా అని."

మళ్ళీ నొక్కింది. ఈసారి ఇంకాస్త సాగింది. ఆవిడ పెదాలు బిగించి కూర్చుంది, మెడ మీద నరాలు లేస్తున్నాయి.

"చూశారా, మాట్లాడటం లేదు," అంది.

మళ్ళీ మొదటికి. మూడోసారి ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. కొంగులోంచి కూడా ఏదో వినబడింది, ప్లాట్‌ఫాం నాలుగు అన్నట్టుంది. ఆ తర్వాతసారి మొగుడు చెయ్యి అడ్డం పెట్టాడు, చెయ్యి కింద నుంచి, "వీళ్ళకి మంచినీళ్ళిచ్చావా?" అంది. నేను బయటికెళ్ళి నిలబడితే, "తమ్ముడేడీ?" అంది. లోపలికొస్తే, "వచ్చావా?" అంది.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను," అన్నాను.

"ఆ కాలు మాత్రం వద్దు తమ్ముడూ, నొప్పి."

నేను నవ్వేశాను. పిచ్చుక నవ్వలేదు. మంచం పక్కన నేల మీద కూలబడింది, మిషను పక్కన పెట్టుకుని. దాని చొక్కా వీపు మొత్తం తడిసిపోయింది. "ఎందుకత్తా, ఒక్క నిమిషం," అంది. విసుగు కూడా లేదు ఆ గొంతులో. విసుక్కోవడానికైనా ఓపిక ఉండాలి కదా.

అనౌన్సరమ్మ ఆ పిల్ల వంక చూసి చెప్పింది. "కావాలని కాదే తల్లీ. అక్కడ నేను కాస్త ఆగానంటే చాలు, బెంచీల మీద జనం లేచి నిలబడేవాళ్ళు. బస్సు పోయిందేమో, ఏమైందో అని. పిల్లల్ని చంకనెత్తుకుని అటూ ఇటూ పరిగెత్తేవాళ్ళు. జలుబు చేసినా, జ్వరమొచ్చినా ఆగేదాన్ని కాదు. నేను చెప్తూ ఉంటే వాళ్ళు కాళ్ళు చాపుకుని ఓ కునుకు తీసేవాళ్ళు. నేను ఆగితే ఎవరికో ఏదో తప్పిపోతుంది. ఇప్పుడు మెషీన్ చెప్తోంది. బానే చెప్తోంది, నేనేం అనను. కానీ మధ్యాహ్నం పూట ఈ ఇల్లు ఇలా నోరు మూసుకుంటే, నాకు ఇప్పటికీ ఎవరో బెంచీ మీంచి లేచి నా వంక చూస్తున్నట్టే ఉంటుంది. అందుకని ఏదో ఒకటి అంటాను. మీ మావయ్యతో చెప్తున్నాననుకుంటారు అందరూ. మీ మావయ్య ఎప్పుడు విన్నాడు గనక. ఒకసారి ఏమైందంటే, పెద్ద వాన, కరెంటు పోయింది, మైకు పనిచేయట్లేదు, అప్పుడు నేను..."

అప్పుడు ఏం చేసిందో మాకు ఈనాటికీ తెలీదు. అక్కడ ఆగిపోయింది.

పిచ్చుక తల ఆవిడ మంచం పట్టె మీదికి వాలిపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. చేతివేళ్ళు కాసేపు నేల మీద ఏదో టైపు కొట్టి, ఆగిపోయాయి.

అనౌన్సరమ్మ ఆ పిల్లని చూస్తూ ఉండిపోయింది. తర్వాత మొగుడి వంక చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది. ఆయన పెదాలు ఎప్పుడూ మూసే ఉంటాయి, ఇంకాస్త మూశాడు. కింద మేకులు కొట్టేవాడు మళ్ళీ మొదలుపెట్టబోతుంటే, ఆవిడ మంచం మీద నుంచే కిటికీలోకి ఒరిగి ఒక్క చూపు చూసింది. సుత్తి గాల్లోనే ఆగిపోయింది. వాడు దాన్ని దించడానికి కూడా భయపడి, పట్టుకునే నిలబడ్డాడు. వీధిలో కూరగాయలమ్మేవాడు కేక కోసం నోరు తెరిచి, ఆవిడ వేలు చూసి కేక మింగేశాడు. అది ఇంకా కడుపులోనే తిరుగుతోందని వాళ్ళావిడ చెప్తుంది. పిల్లలు బంతిని గాల్లో పట్టుకుని కింద పడనివ్వలేదు. మలుపు దగ్గర బస్సొకటి వస్తే, డ్రైవరు ఇంజను ఆపేశాడు, జనం చెప్పులు చేత్తో పట్టుకుని దిగి, నెట్టుకుంటూ పోయారు. జీవితమంతా ఆవిడ మాట విన్న ఊరు కదా, ఆవిడ మౌనం కూడా వింది.

నేను మిషను వంక చూశాను. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. పిచ్చుక నొక్కి మర్చిపోయింది. నిమిషం కాదు, ఎంత కావాలంటే అంత మౌనం. నా ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు గుర్రుమంది.

మీరే చెప్పండి నేనేం చెయ్యను. ఆ పిల్ల మెలకువగా ఉంటే ఆ గదిలో మౌనం లేదు. మౌనం ఉండాలంటే ఆ పిల్ల నిద్రపోవాలి. నిద్రపోతే గురక. ఈ ముడి విప్పడం నా వల్ల కాదని, లేపుదామని భుజం మీద చెయ్యి వేయబోయాను. అనౌన్సరమ్మ నా మణికట్టు పట్టుకుంది. కాలు విరిగిన మనిషికి అంత బలం ఎక్కడిదో, వేళ్ళ గుర్తులు చాన్నాళ్ళు పోలేదు. నోరు తెరవకుండానే కళ్ళతో చెప్పింది, లేపావంటే చూడు అని. నేను మిషను చూపించాను, కిటికీలోంచి దిగుతున్న ఎండ చూపించాను, నా మెడ మీద కత్తిలా గీసి చూపించాను. ఆవిడ వదల్లేదు.

మెకానిక్కాయన లేచాడు. ఒక దిండు తెచ్చాడు. పిచ్చుక తల కింద ఒక చెయ్యి, భుజం కింద ఒక చెయ్యి పెట్టి, బస్సు కింద నుంచి ఏదో సున్నితమైన సామాను దించుతున్నట్టు, మెల్లగా నేల మీదికి దించి పక్కకి ఒత్తిగిలేలా పడుకోబెట్టాడు. నోరు మూతపడింది. గురక ఆగింది.

చెమట కారుతోంది, ఈగ కూడా లేదు. దారం మీద నీళ్ళు జారుతున్నాయి. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. నేను ఎన్నో షూటింగులకి వెళ్ళాను గానీ అలాంటి చప్పుడు లేకపోవడం ఎప్పుడూ వినలేదు. గది మొత్తం ఊపిరి బిగబట్టి ఒక పిల్లని ఎత్తుకున్నట్టుంది.

ఎండ గోడ దిగిపోయింది. ఇక లాభం లేదని నేను మిషను ఆపి, చంకన పెట్టుకుని, చెప్పుల్లేకుండా మెట్లు దిగి, వ్యానుని మలుపు దాకా నెట్టి అక్కడ స్టార్టు చేశాను.

ఆఫీసుకెళ్ళి సౌండాయనకిచ్చాను. మొదట్లో వచ్చే అనౌన్సరమ్మ మాటలన్నీ దాటించి, మౌనం దగ్గర హెడ్‌ఫోన్స్ చెవులకి నొక్కుకుని విన్నాడు. చాలాసేపు విన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమోనని భయమేసి కదిపాను.

"ఉండు," అన్నాడు. "వింటున్నాను. ఎక్కడ దొరికింది ఇలాంటిది?"

దాన్ని అస్తరు వేశారు. అనౌన్సరమ్మ ఏడుస్తుంటే కింద ఇప్పుడు ఈలలు లేవు. డైరెక్టరమ్మ చివరిదాకా చూసి, కళ్ళు తుడుచుకుని, వెనక్కి తిరిగింది. వెనకాల కెమెరా స్టాండు మీద, పిచ్చుక ఏసీ గదిలో వేసుకునే స్వెట్టరు తగిలించి ఉంది. కళ్ళద్దాలు తల మీదున్నాయి కదా, ఆవిడ ఆ స్వెట్టరుతోనే మాట్లాడింది.

"బాగా చేశావమ్మా. పొద్దున్న కాస్త గట్టిగా అన్నాను, మనసులో పెట్టుకోకు. నువ్వు ఉంటున్నావు. ఆ చక్రం ఊడిన కుర్చీ బాగుచేయించుకుని నువ్వు తీసుకో. రేపు పొద్దున్నే వచ్చెయ్యి, వెయిటింగ్ రూముల మీద సినిమా, టైపు కొట్టాల్సింది బోలెడుంది. సరేనా?"

స్వెట్టరు ఏమంటుంది. ఆవిడ చూస్తూనే ఉంది. నేను గొంతు సన్నం చేసి, "సరే మేడమ్," అన్నాను.

"జలుబు చేసినట్టుంది. వేణ్ణీళ్ళు తాగు," అంది పాపం.

నేను ఆ స్వెట్టరు తీసుకుని బయల్దేరాను. దారిలో సంతోషం వేసింది, తర్వాత ఆ టైపు కొట్టాల్సిన బోలెడు గుర్తొచ్చి కాస్త తగ్గింది. అయినా ఉంచుకున్నారు. ఆ పిల్ల అడిగింది అదే.

దీపాలు వెలిగే వేళకి అనౌన్సరమ్మ ఇంటికెళ్తే, మెట్ల నిండా జనం. మేకులవాడు, కూరగాయలవాడు, బంతి పిల్లలు, పక్కింటావిడ. ఎవరూ మాట్లాడటం లేదు. అనౌన్సరమ్మ మాట ఆగిపోయిందని తెలిసి ఏమైందోనని వచ్చారు, వచ్చి ఆవిడ వేలు చూసి అలాగే నిలబడిపోయారు. వాళ్ళ మధ్యలోంచి సందు చేసుకుని లోపలికెళ్ళాను. పిచ్చుక అదే ఒత్తిగిలి, అదే దిండు. ఎవరో దుప్పటి కప్పారు. నిద్రలో ఆ మొహానికి కాస్త రంగు తిరిగొచ్చింది.

అనౌన్సరమ్మ చెవిలో చెప్పాను, "ఉంచుకున్నారక్కా."

ఆవిడ మొహం చూడాలి మీరు. బుగ్గలు పొంగాయి. చెయ్యి తనంతట తనే మైకు కోసం వెతికినట్టు ముందుకొచ్చి, మంచం అంచు పట్టుకుంది. కబురు నోటిదాకా వచ్చి పళ్ళ వెనకాల నిలబడింది. జీవితంలో ఒక్కసారైనా చెప్పాలనిపించే కబురు, వినడానికి మెట్ల నిండా జనం. కానీ చెప్పలేదు. పిచ్చుక మీద దుప్పటి సర్దింది.

ఇదంతా చూసి మెకానిక్కాయన నోరు తెరిచాడు. పెళ్ళయినప్పట్నుంచీ ఆగిన ఆయన వంతు అప్పటికి వచ్చింది. భార్య వంక చూశాడు, నేల మీద పిల్ల వంక చూశాడు, మళ్ళీ నోరు మూసేసుకుని, వెళ్ళి కుళాయి దారం సరిచేశాడు.

"రేపు పొద్దున్నే రమ్మన్నారు," అని అనౌన్సరమ్మ చెవిలో మెల్లగా అన్నాను. రేపు సంగతి రేపు చూద్దాం అన్నట్టు చెయ్యి ఊపింది.

సరిగ్గా అప్పుడు పై వాటాలో ఉండే పెద్దాయన, చేతిలో సూట్‌కేసు, మెడలో మఫ్లరుతో మెట్లు దిగుతూ, ఈ జనాన్నీ, మంచం మీద నోరు మూసుకుని కూర్చున్న అనౌన్సరమ్మనీ చూసి ఆగిపోయాడు. కాసేపు అందర్నీ ఎగాదిగా చూసి, సూట్‌కేసు చప్పుడు కాకుండా కింద పెట్టి, నా చెవి దగ్గరికి వంగి అడిగాడు:

"అయితే ఈ పూట బస్సులు లేనట్టేనా?"